ఎనిమిదో తరగతిలోనే తేల్చుకోవాలి

(చంద్రపూర్ జిల్లా రాజురాలో తెలుగు కుటుంబాల తల్లిదండ్రులు, హైస్కూలు పిల్లల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందుకు వచ్చి కూర్చున్నారు, సంతోషం. అమ్మలూ, బాపులూ వెనకాల నిలబడొద్దు, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇండ్లల్లో ఒకటే మాట మొదలవుతుంది. “పిల్లను హైదరాబాద్‌ల ఇంటర్‌ల ఏద్దామా, ఇక్కడనే పదకొండుల ఏద్దామా?” మేనమామ అక్కడే ఉన్నాడు, హాస్టల్ ఉంది, అక్కడ ఇంగ్లిష్ మీడియం గట్టిగా చెబుతారు అని నాలుగు మాటలు అనుకుని వారంలో తేల్చేస్తారు. ఆ వారంలో తేలే సంగతి కాదిది. రెండేళ్ల ముందే, పిల్ల ఎనిమిదిలో ఉన్నప్పుడే కూర్చుని మాట్లాడుకోవాల్సింది. ఎందుకో చెబుతాను, కొంచెం లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

సరిహద్దు ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఒక రాష్ట్రం. మనకు చుట్టాలు రెండు వైపులా ఉన్నారు. మనసులో ఇది ఒకే ఊరు. ప్రభుత్వం కాగితంలో మాత్రం పిల్లవాడు ఏదో ఒక వైపే “స్థానికుడు”. ఆ స్థానికత ఎక్కడ పుట్టారు, ఏ భాష మాట్లాడతారు అన్నదాని కంటే, ఏ తరగతి ఏ ఊళ్లో చదివారన్న దాని మీద తేలుతుంది.

తెలంగాణ సంగతి ముందు చూద్దాం. అక్కడి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. 95 శాతం పోస్టులు స్థానికులకే. స్థానికుడెవరంటే, 1 నుంచి 7 తరగతులు ఎక్కడ చదివాడన్నది చూస్తారు. మీ పిల్ల ఏడు తరగతులూ రాజురా జిల్లా పరిషత్ బడిలో చదివిందంటే ఆ లెక్క అయిపోయింది. ఆ తర్వాత హైదరాబాద్‌లో పదేళ్లున్నా అది తిరిగి రాదు. కాలేజీ సీట్లకు మళ్లీ వేరే లెక్క. అక్కడ అర్హత పరీక్ష, అంటే ఇంటర్, దాంతో ముగిసే వరుస నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. 9, 10, ఇంటర్ రెండేళ్లు. నాలుగూ అక్కడే. రెండేళ్ల ఇంటర్ చదివితే సగం మాత్రమే అవుతుంది, సగానికి సీటు రాదు.

ఇప్పుడు మహారాష్ట్ర. ఇక్కడ పది, పన్నెండు రెండూ ముఖ్యం. ఇంజినీరింగ్ సీట్లకు అభ్యర్థులను టైప్ ఏ, టైప్ బీ అని రకాలుగా చూస్తారు. పది, పన్నెండు రెండూ మహారాష్ట్రలో పాసై, ఇక్కడ పుట్టినవాళ్లో లేక డొమిసైల్, అంటే ఇక్కడి నివాస ధ్రువపత్రం, ఉన్నవాళ్లో అయితే టైప్ ఏ. ఏదో ఒకటి బయట చదివినా, పిల్లకో, తల్లికో, తండ్రికో మహారాష్ట్ర డొమిసైల్ ఉంటే టైప్ బీ కింద అవకాశం మిగులుతుంది. ఎంబీబీఎస్‌కు మాత్రం ఈ వెసులుబాటు లేదు. రాష్ట్ర కోటా సీటు కావాలంటే పదీ, పన్నెండూ ఇక్కడే పాస్ కావాలి, డొమిసైల్ కూడా ఉండాలి. ఉద్యోగ బదిలీల మీద తిరిగేవాళ్ల పిల్లలకు కొన్ని మినహాయింపులు ఉంటాయి, మన కూలీ కుటుంబాలకు అవి వర్తించవు.

చూశారా, ఏడో తరగతితో ఒక తలుపు మూసుకుంటుంది. తొమ్మిదో తరగతితో ఇంకో తలుపు తెరుచుకుంటుంది. ఆ రెంటి మధ్య ఉన్నది ఎనిమిది. నేను ఎనిమిది ఎనిమిది అని ఎందుకు కొట్టుకుంటున్నానో ఇప్పటికి అర్థమై ఉంటుంది.

ఒక పిల్లను తీసుకుందాం. పది రాజురాలో, ఇంటర్ హైదరాబాద్‌లో, నీట్ రాసింది, మంచి మార్కులే వచ్చాయి. ఇక్కడ పన్నెండు లేదు, మహారాష్ట్ర 85 శాతం సీట్లు పోయాయి. అక్కడ నాలుగేళ్లు లేవు, తెలంగాణ సీట్లూ పోయాయి. ఇక మిగిలింది అఖిల భారత కోటా 15 శాతం, డీమ్డ్ యూనివర్సిటీలు. అదే మార్కులతో ఇక్కడే ఉండి ఉంటే చంద్రపూర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి పోటీ పడేది. పిల్ల చదువులో తప్పేమీ లేదు, ఇంట్లో వారంలో తీసుకున్న నిర్ణయంలో ఉంది.

అలాగని హైదరాబాద్ ఇంటర్ ఎప్పుడూ తప్పే అనట్లేదు. ఐఐటీ, ఎన్‌ఐటీ కోసం చదివే పిల్లకు లెక్క వేరు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు. ఆ సొంత రాష్ట్రం ఏదన్నది పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్న దాన్ని బట్టే తేలుతుంది. ఇక్కడ పాసైతే నాగ్‌పూర్ వీఎన్‌ఐటీ, హైదరాబాద్‌లో పాసైతే వరంగల్ ఎన్‌ఐటీ. డొమిసైల్ కాగితం అక్కడ అడగరు. కాబట్టి డాక్టర్ చదువు ఆలోచన ఉన్న పిల్లను పది తర్వాత సరిహద్దు దాటించకండి. జేఈఈ పిల్ల అయితే దాటించొచ్చు, పిల్లదో, తల్లిదో, తండ్రిదో డొమిసైల్ చేతిలో ఉంటేనే. అది లేకుండా పంపితే ఇక్కడి టైప్ బీ కూడా పోతుంది.

ఇంకో చిన్న విషయం. నీట్, జేఈఈ మెయిన్ రెండూ తెలుగులో ఉంటాయని అందరికీ తెలుసు. కానీ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే. నాగ్‌పూర్ కేంద్రం పెట్టుకుంటే ఇంగ్లిష్, హిందీ, మరాఠీ. ఇక్కడి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంహెచ్‌టీ-సీఈటీలో గణితం పేపరు ఇంగ్లిష్‌లోనే. అందుకే ఆరో తరగతి నుంచి సెమీ ఇంగ్లిష్ దొరికితే వేయండి, గణితం, సైన్సు ఇంగ్లిష్‌లో, మిగతావి మరాఠీలో. మన పిల్లలకు ఇంతకంటే సరిపోయే ఏర్పాటు నాకు తెలిసి మరొకటి లేదు.

(ముందు వరుసలోంచి: “డొమిసైల్ ఎట్ల వస్తది సార్?”)

పదిహేనేళ్లు మహారాష్ట్రలో ఉన్నట్టు రుజువు చూపాలి. ప్రభుత్వ సేవల సేతు కేంద్రంలోనో, ఆపలే సర్కార్ పోర్టల్‌లోనో దరఖాస్తు. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, పిల్ల బడి కాగితాలు అన్నీ కలిపి పదిహేనేళ్లు పూడ్చాలి, మధ్యలో ఒక్క ఏడాది ఖాళీ పడినా వెనక్కి పంపుతారు. మన కుటుంబాల్లో ఎక్కువగా దెబ్బ తినేది ఎక్కడో తెలుసా? అద్దె ఇంట్లో ఉంటారు, కరెంటు బిల్లు ఇంటి ఓనరు పేరున వస్తుంది. రేషన్ కార్డు ఇంకా ఆసిఫాబాద్ జిల్లాలోనే ఉంటుంది, బియ్యం అక్క తెచ్చుకుంటుంది. ఇక్కడ పదిహేనేళ్లు ఉన్నాడు, కాగితంలో ఒక్క రోజు కూడా లేడు. రేషన్ కార్డు ఇక్కడికి మార్పించడమే మొదటి పని. తర్వాత బ్యాంకు ఖాతా, ఓటరు కార్డు.

ఇక పుట్టిన చోటు. మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆచారం. కోడలిది మంచిర్యాల అయితే పురుడు మంచిర్యాలలోనే. పిల్ల మూడో నెలలో రాజురా వచ్చేస్తుంది, జనన ధ్రువపత్రంలో మాత్రం పుట్టిన ఊరు మంచిర్యాలే. అలాంటి పిల్లకు “మహారాష్ట్రలో పుట్టింది” అన్న ఆధారం లేదు, తప్పనిసరిగా డొమిసైల్ కావాలి. పురుటి ఆచారం మానమని చెప్పట్లేదు, డొమిసైల్ పని వాయిదా వేయొద్దంటున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ల గురించి ఇప్పుడు. గనుల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర కాంట్రాక్టు పని మీద ఈ రెండు మూడేళ్లలో దిగిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఎనిమిదో తరగతి వరకు విద్యాహక్కు చట్టం మీ పక్కన ఉంది. పాత బడి టీసీ రాలేదని, వయసు కాగితం లేదని అడ్మిషన్ ఆపకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. “మరాఠీ రాదు కదా, రెండు తరగతులు కిందికి వేస్తాం” అంటే ఒప్పుకోకండి. పదకొండేళ్ల పిల్లాణ్ణి మూడో తరగతిలో కూర్చోబెడితే, మీసాలొచ్చే ఈడుకి ఆరులో ఉంటాడు. ఆ తర్వాత బడికి రాడు. ఎక్కడ చూసినా ఇదే వరస.

తొమ్మిది, పదికి వస్తే ఈ చట్టం లేదు. పక్క రాష్ట్రం టీసీ మీద అక్కడి ఎంఈఓ గానీ డీఈఓ గానీ కౌంటర్ సంతకం చేసి ఉండాలంటారు. అక్కడ పది పాసై ఇక్కడ పదకొండులో చేరితే మైగ్రేషన్ సర్టిఫికెట్, ఇక్కడి నాగ్‌పూర్ విభాగీయ బోర్డు నుంచి ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కావాలి. నాందేడ్ వైపు వాళ్లు లాతూర్ బోర్డుకు వెళ్లాలి. 2025 నుంచి పదకొండో తరగతి అడ్మిషన్ రాష్ట్రమంతటా ఆన్‌లైన్ అయింది, తేదీ దాటితే ప్రిన్సిపాల్‌కు ఎంత తెలిసినవాళ్లయినా పని కాదు.

ఇంకో చిక్కు కంప్యూటర్‌లో ఉంటుంది, తల్లిదండ్రులకు కనిపించదు. ప్రతి పిల్లకూ యూడైస్‌లో, అంటే బడుల వివరాలుండే ప్రభుత్వ కంప్యూటర్ రికార్డులో, పదకొండు అంకెల శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది, పెన్ అంటారు. పాత బడి వాళ్లు పిల్లను డ్రాప్ బాక్స్‌లోకి వదిలితేనే కొత్త బడి ఆ సంఖ్యతో లాక్కోగలదు. పాత బడి టీసీ ఇచ్చి, ఇది మాత్రం మరిచిపోతుంది. పిల్ల ఇక్కడ తరగతిలో కూర్చుంటుంది, లెక్కలో మాత్రం ఇంకా కాగజ్‌నగర్‌లోనే ఉంటుంది. పుస్తకాల జాబితాలో పేరుండదు, స్కాలర్‌షిప్ ఫారం తెరుచుకోదు. కాబట్టి టీసీ తీసుకునే రోజునే రెండు పనులు అడగండి: పెన్ సంఖ్య కాగితం మీద రాసివ్వమనండి, డ్రాప్ బాక్స్‌లో పెట్టింది మీ కళ్లెదుట చూపించమనండి. వేసవి సెలవుల తేడా కూడా మరిచిపోకండి. తెలంగాణ బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, విదర్భలో ఎండల వల్ల జూన్ ఆఖరుకి. ఆ పది, పదిహేను రోజుల్లోనే ఈ పనంతా అయిపోవాలి.

మిరపకాయ ఏరడానికి ఖమ్మం, భద్రాచలం వైపు వెళ్లే కుటుంబాలున్నాయి. గడ్చిరోలి నుంచి ఇంకా ఎక్కువ. జనవరి నుంచి మార్చి దాకా. పన్నెండు, పది బోర్డు పరీక్షలు సరిగ్గా ఫిబ్రవరి, మార్చిలోనే. చిన్న తరగతుల వాళ్లను తీసుకెళ్తే ఇక్కడి బడిలో శిక్షణ హమీ కార్డు, అంటే చదువు హామీ కార్డు, అడిగి తీసుకోండి, అది చూపిస్తే వెళ్లిన చోట బడిలో కూర్చోనిస్తారు. తొమ్మిది దాటిన పిల్లను మాత్రం తీసుకెళ్లొద్దు. నాయనమ్మ దగ్గరో, ఆశ్రమశాల హాస్టల్‌లోనో ఉంచి వెళ్లండి. మూడు నెలల కూలి డబ్బులు ఎంతో మీకే తెలుసు, నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బులు వదులుకోవడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను.

సరే, ఇప్పుడు పేరు. ఇదొక్కటే గంటసేపు చెప్పొచ్చు.

మన దగ్గర ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. మరాఠీలో మనిషి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మహారాష్ట్ర పదో తరగతి మార్కుల కాగితంలో మళ్లీ ఇంటిపేరు ముందు, తర్వాత పేరు, తర్వాత తండ్రి పేరు, తల్లి పేరు విడిగా. ఆధార్‌లో ఇంకో వరస. ఉదాహరణకి గాదె కొమురయ్య అన్న తాతను తీసుకుందాం. ఇక్కడికి వచ్చాక బడి మాస్టారు కొడుకు పేరు రాసేటప్పుడు “గాదేవార్” అన్నాడు, విదర్భలో తెలుగువాళ్ల ఇంటిపేరు చివర వార్ తగిలించడం అలవాటు. మనవడి ఆధార్ తీసిన కుర్రవాడు ఇంగ్లిష్‌లో గడ్డే అని కొట్టాడు. తాత గాదె, తండ్రి గాదేవార్, మనవడు గడ్డే. ఇంట్లో ఎవరికీ ఇది సమస్యగా అనిపించదు. కుల ధ్రువీకరణ కమిటీ ముందు నిలబడినప్పుడు మూడు కుటుంబాలైపోతాయి.

దిద్దుకునే చోటు బడి జనరల్ రిజిస్టరే, అది కూడా పిల్ల ఆ బడిలో ఉన్నంతకాలమే. బడి వదిలాక అక్కడ పేరు మార్చడం దాదాపు అసాధ్యం. పదో తరగతి బోర్డు ఫారం నింపాక ఇంకా కష్టం. అందుకని ఎనిమిదిలో, మళ్లీ ఎనిమిదే, బడికి వెళ్లి రిజిస్టర్‌లో మీ పిల్ల పేజీ చూపించమనండి. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, కులం. ఏడు గళ్లు. ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. బడి రిజిస్టర్ సరిగ్గా ఉంటే ఆధార్ మార్చండి, అది తేలిక. రిజిస్టర్‌లోనే తప్పుంటే హెడ్మాస్టర్‌కు దరఖాస్తు, జనన పత్రం జత చేయాలి. ఆయన విద్యాధికారి అనుమతికి పంపుతారు. నెలలు పడుతుంది, కాబట్టే ముందుగా.

కులం కాగితం. కొంచెం చేదుగా ఉంటుంది, కానీ చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ గుర్తింపు మనతో పాటు రాష్ట్రం దాటి రాదు. ఆంధ్ర నుంచి చిన్నప్పుడే బొంబాయి వచ్చిన ఒక విద్యార్థి మెడికల్ సీటు కేసులో 1990లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాటే చెప్పింది. పేరు ఒకటే అయినా, జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. మహారాష్ట్రలో ప్రయోజనం కావాలంటే, మీ కుటుంబం ఒక తేదీకి ముందే ఇప్పటి మహారాష్ట్ర నేల మీద ఉన్నట్టు చూపాలి. ఎస్సీకి 1950 ఆగస్టు 10. ఎస్టీకి 1950 సెప్టెంబరు 6. విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21. ఓబీసీ, ఎస్‌బీసీకి 1967 అక్టోబరు 13. ఎస్‌బీసీ అంటే ప్రత్యేక వెనుకబడిన వర్గం. మన పద్మశాలీలు ఇక్కడ ఎస్‌బీసీ, తెలంగాణలో బీసీ-బీ. ఒకే మగ్గం, రెండు జాబితాలు.

ఆ తేదీకి ముందు కాగితం ఎక్కడ దొరుకుతుంది? తాత చదివిన బడి దాఖల్-ఖారిజ్ రిజిస్టర్, అంటే పిల్లలు చేరిందీ, వదిలిందీ రాసే పుస్తకం. చదువుకోకపోతే కోత్వాల్ పుస్తకం, అందులో జనన మరణాలు కులంతో సహా రాసేవారు. పాత భూమి కాగితాలు. రాజురా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటి ఉంది. ఈ తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రం ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. కిన్వట్ కూడా అంతే. తర్వాత నాందేడ్‌లోకి, అక్కడి నుంచి 1959లో రాజురా చాందాలోకి, అంటే ఇప్పటి చంద్రపూర్‌లోకి, వచ్చింది. కాబట్టి మీ తాతల కాగితాలు చంద్రపూర్ రికార్డు గదిలో దొరకలేదని చేతులెత్తేయొద్దు, ఆదిలాబాద్‌లో వెతకండి. నిజాం కాలం కాబట్టి ఉర్దూలో ఉంటాయి, అనువాదం చేయించి జత చేయాలి. ఇక్కడ ఒక గమ్మత్తు ఉంది: ఆనాడు ఆదిలాబాద్ జిల్లా అయినా, రాజురా నేల ఇప్పుడు మహారాష్ట్రే కనుక, రాజురా గ్రామం పేరుతో ఉన్న ఆ పాత కాగితం మీకు పనికొస్తుంది. ఆసిఫాబాద్ గ్రామం పేరుతో ఉన్నది పనికిరాదు.

ఆ తేదీల తర్వాత వచ్చిన కుటుంబాలకు ఇక్కడి రాష్ట్ర రిజర్వేషన్ రాదు. తండ్రికి సొంత రాష్ట్రంలో ఉన్న కుల ధ్రువపత్రం మీద కేంద్ర ఉద్యోగాలకు, కేంద్ర సంస్థల సీట్లకు మాత్రం దారి ఉంది. తండ్రి పత్రం పోగొట్టుకోకండి. ధ్రువపత్రం వచ్చాక వ్యాలిడిటీ, అంటే జాత్ పడతాళణి, ఇందాక చెప్పిన కుల ధ్రువీకరణ, దానికి పదకొండులో ఉండగానే కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టాలి. వంశావళి రాయాలి. అప్పుడే ఆ గాదె, గాదేవార్, గడ్డే సంగతి బయటపడేది.

(మంచినీళ్లు తాగి)

భాష గురించి కొంచెం తీరిగ్గా మాట్లాడుకుందాం, నాకు ఇష్టమైన విషయం. మన పిల్లలు మరాఠీ గడగడా మాట్లాడతారు. బజార్లో, క్రికెట్‌లో ఎవరూ తేడా పట్టలేరు. అందుకే మాస్టార్లు, తల్లిదండ్రులు మోసపోతారు. పరీక్షలో మార్కులు పోయేది మాట్లాడే మరాఠీలో కాదు, పుస్తకం మరాఠీలో.

అంకెలు చూడండి. తెలుగులో ఇరవై ఐదు: ఇరవై ముందు, ఐదు తర్వాత. మరాఠీలో పంచవీస్: ఐదు ముందు, ఇరవై తర్వాత. రెండో తరగతి పిల్ల పంచవీస్ వినగానే ముందు 5 రాస్తుంది, పక్కన 2. యాభై రెండయిపోయింది. పిల్లకు లెక్క రాదని మాస్టారు అనుకుంటాడు. లెక్క వచ్చు, అంకె విన్న వరసలో రాసింది. 29 అయితే ఏకోణతీస్, ముప్పైకి ఒకటి తక్కువ. 39 ఏకోణచాళీస్, 49 ఏకోణపన్నాస్. “తీస్” అని వినగానే 3 రాస్తుంది. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో వీస్ ఏక్, వీస్ దోన్ అని విడగొట్టి చెప్పే పద్ధతి పెడితే పెద్ద రభస జరిగింది. ఆ రభసలో ఎవరు ఒప్పు అన్నది పక్కన పెట్టండి. మన పిల్లలకు మాత్రం ఆ పద్ధతి వరం, అది తెలుగు వరసే. ఇంట్లో ఇలా చేయండి: వంద దాకా చీటీలు రాసి, మరాఠీ పేరు మీరు చదవండి, పిల్ల అంకె రాయాలి. రోజుకు ఇరవై చీటీలు. 29, 39, 49, 59 ప్రతి రోజూ కలపండి.

లింగం ఇంకో చోటు. తెలుగులో పుస్తకం, నోటుబుక్కు, కాగితం అన్నీ “అది”. మరాఠీలో వహీ ఆడ, కాగద్ మగ, పుస్తక్ రెండూ కానిది. మాఝీ వహీ, మాఝా కాగద్, మాఝే పుస్తక్, మూడూ మన “నా” అనే మాటే. మన పిల్లలు వ్యాసంలో అన్నింటికీ ఒకటే పెట్టేస్తారు, ఒక్కో తప్పుకు అర మార్కు పోతూ ఉంటుంది. కొత్త మాట నేర్చుకున్నప్పుడే మాఝా, మాఝీ, మాఝే ఏదో ఒకటి తగిలించి నేర్పించండి, ఒట్టి మాట నేర్పొద్దు.

ఇక అన్నింటికంటే ప్రమాదమైనవి ఒకేలా వినపడే మాటలు. ఫారంలో “వడిలాంచా వ్యవసాయ్” అని ఉంటుంది, వడిలాంచా అంటే తండ్రిది. మన పిల్లకు వ్యవసాయం అంటే పొలం పని. మరాఠీలో వ్యవసాయ్ అంటే వృత్తి, ఏం పని చేస్తాడని అడుగుతున్నారు. పొలం పనికి శేతీ అనాలి. నాన్న గనిలో పనిచేస్తే పిల్ల “ఆ గడి మనది కాదు” అని ఖాళీ వదిలేస్తుంది, లేదా తెలివిగా “ఉద్యోగ్” అని రాస్తుంది. మరాఠీలో ఉద్యోగ్ అంటే పరిశ్రమ! కూలి తండ్రి ఫ్యాక్టరీ ఓనరైపోయాడు. నోకరీ అనో, మజూరీ అనో రాయాలి. నవ్వొద్దు, స్కాలర్‌షిప్ ఫారాల్లో ఇలాంటివి వెనక్కి వస్తాయి. అలాగే సంధీ అంటే అవకాశం, మన సంధి కాదు. అవకాశ్ అంటే అంతరిక్షం. రాగ్ అంటే కోపం. ప్రపంచ్ అంటే సంసారం. ఇలాంటి మాటలకు విడిగా ఒక నోటుబుక్కు పెట్టించండి, ఎడమవైపు మరాఠీ, కుడివైపు తెలుగు. రోజుకు ఐదు చాలు.

పాఠం అర్థం కాకపోతే, అదే పాఠం తెలుగులో చదివించండి. తెలంగాణ ఎస్సీఈఆర్టీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. బాలభారతి పుస్తకాలు కూడా ఫోన్‌లో దింపుకోవచ్చు. భిన్నాలు ముందు తెలుగులో అర్థం చేసుకున్న పిల్ల, అపూర్ణాంక్ అనే మాట ఒక్కటి నేర్చుకుంటే చాలు. విషయమూ, భాషా రెండూ కొత్తవైతేనే తల తిరుగుతుంది.

(వెనక నుంచి ఒక పెద్దాయన: “గట్లయితే తెలుగు మానిపిస్తే ఒక బరువు తగ్గుతది గద సార్?”)

పెద్దాయనా, మంచి ప్రశ్న. తగ్గదు. తెలుగు చదవడం, రాయడం వచ్చిన పిల్లకు ఉద్యోగాలు రెండు వైపులా ఉంటాయి. ఇందాక చెప్పిన తెలంగాణ 95 శాతం రాష్ట్ర ఉద్యోగాలు పోయినా, కేంద్రం ఉద్యోగాలు పోలేదు. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ చూడండి. పరీక్ష లేదు, పదో తరగతి మార్కుల మీదే. వయసు 18 నుంచి 40. షరతు ఏమిటంటే ఆ ప్రాంత భాష పదో తరగతి దాకా చదివి ఉండాలి. మహారాష్ట్రకు మరాఠీ, తెలంగాణకు తెలుగు. పదో తరగతి మార్కుల కాగితంలో రెండూ ఉన్న పిల్ల ఎటు పోస్టులు ఎక్కువ పడితే అటు పెట్టుకోవచ్చు. బ్యాంకు క్లర్కు ఉద్యోగాలకు భాషా పరీక్ష ఉంటుంది, పదిలోనో పన్నెండులోనో ఆ భాష చదివినట్టు మార్కుల కాగితం చూపిస్తే ఆ పరీక్ష రాయక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఇక్కడ లెక్కలోకి రాదు, కాగితం మీద ఉన్న తెలుగే లెక్క. మహారాష్ట్ర బోర్డు పదిలో తెలుగు ఒక భాషగా రాసే వీలుంది. మీ బడిలో తెలుగు చెప్పేవాళ్లున్నారా, లేకపోతే పక్క బడిలో ఉన్నారా అని ఎనిమిదిలోనే కనుక్కోండి, తొమ్మిదిలో సబ్జెక్టులు ఖాయమైపోతాయి.

ఎనిమిదిలోనే ఇంకొకటి ఉంది, చాలామంది వదిలేస్తారు. ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. జిల్లా పరిషత్, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలకు, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షల లోపు ఉండాలి. రెండు పేపర్లు, చెరి 90 ప్రశ్నలు: ఒకటి తర్కం, ఒకటి ఏడు, ఎనిమిది పాఠాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000. నాలుగేళ్లకు 48,000. తర్కం పేపరు బడిలో చెప్పరు, జూన్ నుంచే రోజుకు పది ప్రశ్నలు చేయించాలి.

డిగ్రీ దాకా ఓపిక లేని పిల్లలకు ఐటీఐ చిన్నతనం అనుకోకండి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. ఐటీఐ ఇచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, సరిహద్దు ఇవతలా అవతలా ఒకటే విలువ. ఇక్కడ బొగ్గు గనులున్నాయి, సిమెంటు ఉంది, థర్మల్ స్టేషన్ ఉంది, అప్రెంటిస్ కోసం వాళ్ల ప్రకటనలు వస్తూనే ఉంటాయి. రెండేళ్ల ట్రేడ్ చేసిన పిల్ల డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఆడపిల్లల తల్లిదండ్రులకు: 2024 జూలై నుంచి, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉన్న ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్‌ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గం) ఆడపిల్లలకు వృత్తి కోర్సుల్లో ట్యూషన్, పరీక్ష ఫీజు రాష్ట్రమే కడుతుంది, సీటు కేంద్రీకృత అడ్మిషన్ ద్వారా వచ్చి ఉండాలి. ఏజెంటు ఇప్పించిన మేనేజ్‌మెంట్ సీటుకు ఇది వర్తించదు.

(ఒక తల్లి లేచి: “మా పెద్దోడు తొమ్మిదిల బడి బంద్ జేసిండు, గ్యారేజ్‌ల పని చేస్తుండు. ఇగ ఆనికేం లేదా సార్?”)

ఉందమ్మా. 17 నంబర్ ఫారం అంటారు. బడికి పోకుండా బయటి నుంచి పదో తరగతి రాయడం. బోర్డు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లో నింపి, కాగితాలు దగ్గరి సంపర్క్ కేంద్రం బడిలో ఇవ్వాలి. అసలు టీసీ, ఆధార్, ఫొటో. 20 మార్కుల అంతర్గత పరీక్షలు ఆ బడిలోనే రాయాలి, గ్యారేజ్ యజమానికి ఆ రోజులు ముందే చెప్పి పెట్టండి. ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా పర్వాలేదు, జూన్, జూలైలో మళ్లీ రాయొచ్చు, తప్పిన సబ్జెక్టులు ఉండగానే ఏటీకేటీ కింద పదకొండులో చేరే వీలూ ఉంది. మరాఠీ పూర్తిగా పోయిందనుకుంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో తెలుగు మీడియంలో పది రాయొచ్చు, కానీ ఆ పదిలో మరాఠీ లేకపోతే డాక్ సేవక్ లాంటి వాటికి ఇక్కడ పనికిరాదు, అందుకే ముందు 17 నంబర్‌కే ప్రయత్నించండి. పది చేతిలో ఉంటే ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్‌కు దరఖాస్తు పెట్టొచ్చు, చేతిపని వాడికి ఇప్పటికే వచ్చు కదా.

టీసీ తీసుకున్నారా ఆ బడి నుంచి? లేదా? అయితే అది ఇంకా అక్కడే ఉంటుంది, రిజిస్టర్‌లో పేరు కూడా. సోమవారం బాబును వెంట తీసుకుని వెళ్లండి. టీసీ రాయకముందే రిజిస్టర్ పేజీ చూపించమనండి, ఆ ఏడు గళ్లూ ఆధార్‌తో పోల్చండి. తేడా ఉంటే టీసీ తీసుకోకుండా ఆగి, ముందు అది దిద్దించుకోండి.